నీల్స్ బోలిన్

హైదరాబాదు నగరము నుండి నర్సాపురము మీదుగా మెదకు పట్టణమునకు పోవు రహదారిపై కౌడిపల్లి అను గ్రామము కలదు. అది మండల కేంద్రము. ఉదయము మొదలు రాత్రి వరకు ఆ దారిని బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు ఎడతెగక పోవుచుండును. దారి ప్రక్కన నిలిచి చూచువారికి, కారు నడుపుచున్నవారి కుడి భుజము మీదుగా ఎడమ నడుము వరకు ఏటవాలుగా సాగిన నల్లని పట్టీ ఒకటి కనబడును. కొందరు దానిని పెట్టుకొనకయే పోవుచుందురు. చూచుటకు అది గొప్ప వస్తువు కాదు. రెండంగుళముల వెడల్పు గల గట్టి నేత పట్టీ మాత్రమే. కాని లోకమున లక్షలాది జనుల ప్రాణములు ఆ పట్టీ వలన నిలిచినవి. ఆ సీటు బెల్టును నేడు మనము చూచుచున్న రూపమున సిద్ధపరచినవాడు స్వీడన్ దేశస్థుడైన నీల్స్ బోలిన్.

మానవుడు వేగమును సాధించిన నాటి నుండియే వేగము వలని అపాయమును గూడ కొనితెచ్చుకొనెను. 1869వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఐర్లండు దేశమున మేరీ వార్డ్ అను విదుషీమణి ఆవిరితో నడచు బండిపై పోవుచుండెను. ఒక మలుపు వద్ద ఆమె బండిపై నుండి జారి, దాని చక్రము క్రిందనే పడి మరణించెను. ఆమె సూక్ష్మదర్శినిని గూర్చి గ్రంథములు వ్రాసిన శాస్త్రజ్ఞురాలు. యంత్రశక్తిచే నడచు బండి వలన సంభవించిన తొలి మరణములలో ఇది ఒకటి. ఆమెను కూర్చున్న చోట నిలిపి ఉంచునది ఏదియు ఆ బండిలో లేకుండెను.

నాడు ఒక్కరి మరణమే లోకమునకు వింతగా తోచెను. నేడో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక ననుసరించి ఏటేట సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదములలో మరణించుచున్నారు. 5 ఏండ్లు మొదలు 29 ఏండ్ల వరకు వయస్సు గల బాలబాలికల, యువజనుల మరణములకు అన్నిటికంటె పెద్ద కారణము ఇదియే. మన దేశమున 2022వ సంవత్సరమున 1,68,491 మంది ఈ విధముగా ప్రాణములు కోల్పోయిరి. అనగా దినమునకు 460 మందికి పైగా మరణించిరన్నమాట. ఏ అంటువ్యాధి వలననైన ఇంతమంది పోయినచో దేశమంతయు గగ్గోలు పడును. రోడ్డుపై ఒక్కొక్కరుగా పోవుచున్నవారిని గూర్చి మాత్రము లోకము అంతగా తలపోయదు. ఇట్టి అపాయమునకు కొంతవరకైనను అడ్డుకట్ట వేయవలెనని పాటుపడిన వారిలో బోలిన్ అగ్రగణ్యుడు.

నీల్స్ బోలిన్ 1920వ సంవత్సరము జూలై 17వ తేదీన స్వీడన్ దేశమునందలి హెర్నోసాండ్ అను పట్టణమున జన్మించెను. అది బోత్నియా సింధుశాఖ తీరమున గల చిన్న రేవు పట్టణము. అతడు ఆ ఊరిలోనే చదివి 1939లో యాంత్రిక ఇంజనీరింగు విద్యను ముగించెను. ఆ ఏడే ఐరోపాలో రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. స్వీడన్ ఆ యుద్ధమున ఏ పక్షమునందును చేరక తటస్థముగా నుండెను. ఐనను ఆత్మరక్షణకై తన విమానములను తానే నిర్మించుకొనవలసి వచ్చెను. ఆ విమానములను నిర్మించుచున్న సాబ్ అను సంస్థలో 1942లో బోలిన్ ఉద్యోగమున ప్రవేశించెను.

అచ్చట అతనికి లభించిన పని విచిత్రమైనది. యుద్ధవిమానము గాలిలో దెబ్బతినినప్పుడు దానిని నడుపు వైమానికుడు తనంతట తాను వెలుపలికి దూకుట మిక్కిలి కష్టము. వేగముగా వీచు గాలి అతనిని విమానపు తోకకు కొట్టవచ్చును. సాబ్ సంస్థ నిర్మించిన ఒక విమానమునందు ప్రొపెల్లరు వైమానికునికి వెనుకభాగమున నుండెను. అట్టి విమానము నుండి దూకువాడు నేరుగా ఆ ప్రొపెల్లరు రెక్కలలోనే పడును. కావున ప్రమాద సమయమున వైమానికుని ఆసనముతో సహా పైకి ఎగజిమ్ము ఏర్పాటు అవసరమయ్యెను. ఇట్టి ఆసనములను అభివృద్ధి చేయు పనిలో బోలిన్ పెక్కేండ్లు కృషి చేసెను. మనుష్యుని దేహము ఎంతటి కుదుపునకు తాళగలదు, ఏ ఎముక ఎంత బరువు నోర్చును, ఏ అవయవము ముందుగా దెబ్బతినును అను సంగతులు అతనికి ఆ పనివలన చక్కగా బోధపడెను.

1958వ సంవత్సరమున అతని జీవితము క్రొత్త మలుపు తిరిగెను. స్వీడన్ దేశమునందలి గోతెన్‌బర్గ్ నగరమున వోల్వో అను కార్ల సంస్థ కలదు. దానికి నాడు గున్నార్ ఎంగెల్లావు అధ్యక్షుడుగా నుండెను. అతని బంధువొకరు కారు ప్రమాదమున మరణించిరని, ఆ దుఃఖము అతని మనస్సును కలచివేసెనని చెప్పుదురు. కార్లలో కూర్చుండువారి రక్షణ కొరకే ప్రత్యేకముగా ఒక ఇంజనీరు ఉండవలెనని అతడు నిశ్చయించి, బోలిన్‌ను పిలిపించి ఆ పని నప్పగించెను. అంతవరకు మనుష్యులను విమానము నుండి వెలుపలికి పంపు ఉపాయములను వెదకిన బోలిన్, అప్పటినుండి మనుష్యులను కారులోనే నిలిపి ఉంచు ఉపాయమును వెదకసాగెను.

నాడు కార్లలో బెల్టులు బొత్తిగా లేకపోలేదు. కొన్ని కార్లలో నడుమునకు అడ్డముగా కట్టుకొను బెల్టు ఉండెను. దాని బిళ్ళ కడుపుపై వచ్చుచుండెను. కారు దేనినైన ఢీకొనినప్పుడు నడుము నిలిచినను పైదేహము ముందుకు వంగి, తల ఎదుటి భాగములకు కొట్టుకొనుచుండెను. వేగము హెచ్చుగా నున్నచో ఆ బెల్టే కడుపులోని సున్నితములైన అవయవములను నొక్కి గాయపరచుచుండెను. అమెరికాలో రోజర్ గ్రిస్వోల్డ్, హ్యూ డిహేవెన్ అనువారు మూడుచోట్ల బిగించు బెల్టు నొకదానిని రూపొందించి 1955లో పేటెంటు పొందిరి. కాని దాని బిళ్ళయు దేహమునకు నడిమి భాగముననే ఉండెను. బోలిన్ ఈ లోపములనన్నిటిని శ్రద్ధగా పరిశీలించెను.

బెల్టు అవసరమేమో తెలియుటకు న్యూటన్ చెప్పిన మొదటి చలన సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనిన చాలును. కదలుచున్న వస్తువును మరియొక బలము ఆపనంతవరకు అది అదే వేగముతో కదలుచునే ఉండును. పోవుచున్న బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు నిలుచున్నవారు ముందుకు తూలుట అందరికిని అనుభవమే. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను ఢీకొనినచో కారు రెప్పపాటులో ఆగును. కాని లోపలి మనుష్యుడు ఆగడు. కారుతోబాటు అతనికి వచ్చిన వేగము అతనితోనే ఉండును. అతడు స్టీరింగునకో, అద్దమునకో, ముందుసీటునకో కొట్టుకొనిన పిమ్మటనే ఆగును. ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడ పైనుండి నేలపై పడిన దెబ్బతో సమానము. చేతులతో గట్టిగా పట్టుకొని తన్ను తాను ఆపుకొందునను ధైర్యము అట్టి వేళ ఎవరికిని పనికిరాదు.

కావున దేహమును కారుతోబాటే ఆపవలెను. ఆపు బలము మెత్తని కడుపుపై గాక, గట్టి ఎముకలపై పడవలెను. నడుము వద్ద తుంటి ఎముకలు, పైన రొమ్ము ఎముకలు, భుజపుటెముక ఇట్టి బలమును ఓర్చుకొనగలవు. కనుక ఒక పట్టీ నడుము మీదుగా, మరియొక పట్టీ రొమ్ము మీదుగా ఏటవాలుగా రావలెననియు, ఆ రెండును ప్రక్కభాగమున తుంటికి దిగువగా ఒకేచోట కలియవలెననియు బోలిన్ నిర్ణయించెను. తలుపు వైపున పైనొకటి, క్రిందనొకటి, సీటునకు రెండవ ప్రక్క క్రింద మరియొకటి చొప్పున మూడుచోట్ల పట్టీ కారునకు బిగింపబడును. ఎంత కుదుపు వచ్చినను అది తన స్థానము నుండి జరగరాదు. ఇదియే మూడు బిగింపుల సీటు బెల్టు.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదని అతడు మొదటనే గ్రహించెను. వైమానికులు ప్రాణరక్షణకై ఎన్ని పట్టీలనైనను, ఎంతటి ఇబ్బందినైనను సంతోషముతో సహింతురు. కారులో పోవువారట్లు గాదు. ఒక్క నిమిషమైనను ఇబ్బంది పడుటకు వారు ఇష్టపడరు. వారికి కారు ప్రయాణము ప్రమాదముగా తోచదు. కాబట్టి బెల్టు ఎంత గట్టిదైనను, పెట్టుకొనుట కష్టమైనచో దానిని ఎవ్వరును వాడరు. వాడని బెల్టు ఎవ్వరిని రక్షింపదు. ఈ ఆలోచనతోనే అతడు ఒక్క చేతితో లాగి, ఒక్క చేతితోనే బిగించుకొనదగినట్లు దానిని కల్పించెను. చిన్నవారు, పెద్దవారు, స్త్రీలు, వృద్ధులు ఎవరైనను ఎవరి సాయమును లేక దానిని పెట్టుకొనవచ్చును. ఇంతటి పనిని అతడు సుమారు ఒక సంవత్సర కాలములోనే సాధించెను.

1959వ సంవత్సరము ఆగష్టు 13వ తేదీన ఆ బెల్టు బిగించిన తొలి వోల్వో కారు స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్ పట్టణమున గల వ్యాపారికి చేరెను. 1962 జూలై 10వ తేదీన అమెరికా ప్రభుత్వము బోలిన్ నిర్మాణమునకు పేటెంటు మంజూరు చేసెను. పేటెంటు కలవారి అనుమతి లేనిదే ఆ వస్తువును ఇతరులు తయారుచేయరాదు. చేయగోరువారు రుసుము చెల్లింపవలెను. లోకమున కార్లు తయారుచేయు సంస్థలన్నియు రుసుము చెల్లించినచో వోల్వోకు అపార ధనరాశి లభించియుండెడిది. కాని ఆ సంస్థ అట్లు కోరలేదు. ఏ సంస్థయైనను రుసుము లేకయే ఆ బెల్టును వాడుకొనవచ్చునని అనుమతించెను. ప్రాణములను కాపాడు వస్తువు ఒక్కరి సొత్తుగా నుండరాదను ఆ నిర్ణయము వలననే బోలిన్ బెల్టు నేడు ప్రపంచమునందలి ప్రతి కారులోను కనబడుచున్నది.

బెల్టు కార్లలోనికి వచ్చెను గాని, మనుష్యులు దానిని వెంటనే ఆదరింపలేదు. బట్టలు నలుగునని కొందరు, ఊపిరాడదని కొందరు సాకులు చెప్పిరి. కారునకు నిప్పంటుకొనినచో లోపల చిక్కుకొందుమని మరికొందరు భయపడిరి. నిజమునకు బెల్టు కట్టుకొనినవాడు తలకు దెబ్బ తగులక స్పృహతో నుండుటచే త్వరగా వెలుపలికి రాగల్గును. స్పృహ దప్పినవాడే చిక్కుకొనును. వట్టి మాటలతో జనులను నమ్మించుట సాధ్యము గాదని బోలిన్ తెలిసికొనెను. అందుచే అతడు స్వీడన్‌లో వోల్వో కార్లకు జరిగిన 28,000కు పైగా ప్రమాదముల వివరములను సేకరించి, ఒక్కొక్క ప్రమాదమున ఎవరు బెల్టు కట్టుకొనిరి, ఎవరు కట్టుకొనలేదు, కారు వేగమెంత, గాయములెట్టివి అని పరిశీలించెను.

ఆ పరిశీలన ఫలితమును 1967లో అతడు అమెరికాలో జరిగిన విద్వాంసుల సభలో వెల్లడించెను. బెల్టు లేనివారు తక్కువ వేగమున జరిగిన ప్రమాదములలో సైతము మరణించిరి. బెల్టు కట్టుకొనినవారిలోనో, గంటకు 60 మైళ్ళ లోపు, అనగా సుమారు 97 కిలోమీటర్ల లోపు వేగమున జరిగిన ప్రమాదములలో ఒక్కరును మరణింపలేదు. అంకెలు అబద్ధమాడవు. అంతవరకు బెల్టును గూర్చి సందేహించిన పలువురు ఆ నివేదికను చూచి తమ అభిప్రాయమును మార్చుకొనిరి.

క్రమముగా ప్రభుత్వములు చట్టములు చేయసాగెను. బెల్టు పెట్టుకొని తీరవలెనని 1970 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము శాసించెను. బోలిన్ స్వదేశమగు స్వీడన్ 1975లోను, బ్రిటన్ 1983లోను ముందుసీట్లవారికి అట్టి నియమమునే విధించినవి. మన దేశమున 1994 నుండి తయారగు కార్లలో ముందుసీట్లకు బెల్టు ఉండవలెనను నియమము వచ్చెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము బెల్టు లేక కారు నడుపువారికి 1,000 రూపాయల జరిమానా కలదు. 14 ఏండ్లు నిండని బాలబాలికలను బెల్టు లేక కూర్చుండబెట్టినను అంతే జరిమానా. పిల్లల ప్రాణరక్షణ భారము పెద్దలదని ఆ చట్టము ఈ రీతిగా స్పష్టము చేసెను.

బోలిన్ ఒక్క బెల్టుతోనే తృప్తి చెందలేదు. 1969లో అతడు వోల్వో సంస్థ పరిశోధనా విభాగమునకు అధిపతి అయ్యెను. ప్రక్కనుండి ఢీకొను ప్రమాదములలో లోపలివారిని కాపాడుటెట్లు అను విషయమునను కృషి చేసెను. 1985లో ఉద్యోగవిరమణ చేసెను. ఆ సంవత్సరముననే జర్మనీ పేటెంటు కార్యాలయము, గడచిన నూరేండ్లలో మానవజాతికి మిక్కిలి మేలు చేసిన ఎనిమిది నిర్మాణములలో మూడు బిగింపుల బెల్టును ఒకటిగా ఎంచెను. 1995లో స్వీడన్ ఇంజనీరింగు శాస్త్రముల అకాడమీ అతనికి బంగారు పతకమునిచ్చి గౌరవించెను. 2002లో అమెరికాలోని జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరమున అతని పేరు చేర్చుటకు సెప్టెంబరు 21వ తేదీన సభ ఏర్పాటయ్యెను. సరిగా ఆ దినముననే బోలిన్ స్వదేశమున తన 82వ ఏట కన్నుమూసెను. అతని బెల్టు వలన బ్రదికినవారి సంఖ్య పది లక్షలకు పైబడునని వోల్వో సంస్థ అంచనా వేసెను.

ఇంతటి మేలు లభించినను దానిని వాడుకొనని వారు మన దేశమున ఇంకను పెక్కురు కలరు. 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించినవారిలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకొననివారని ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. వారిలో 8,384 మంది వాహనము నడుపువారు. 8,331 మంది ప్రక్కన, వెనుక కూర్చున్నవారు. తెలుగునాట 2014 ఏప్రిల్‌లో ఆళ్ళగడ్డ సమీపమున శాసనసభ్యురాలు భూమా శోభానాగిరెడ్డి, 2018 ఆగష్టు 29న నల్లగొండ జిల్లాలో నటుడు నందమూరి హరికృష్ణ కారు ప్రమాదములకు గురియై మరణించిరి. వారు బెల్టు పెట్టుకొనలేదని నాటి వార్తలు తెలిపినవి. 2022 సెప్టెంబరు 4న ప్రసిద్ధ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో మరణించెను. అతడు వెనుకసీటులో బెల్టు లేక కూర్చుండెనని పోలీసులు తెలిపిరి. ధనము, పదవి, కీర్తి ఏవియు ఆ క్షణమున అక్కరకు రావు. వెనుకసీటువారికి అపాయము లేదనుట వట్టి భ్రమ. బెల్టు లేక వెనుక కూర్చున్నవాడు ముందున్నవారిపై పడి వారికిని ప్రాణాపాయము కలిగించును.

సీటు బెల్టు ప్రమాదమును రానీయక ఆపజాలదు. వేగమును అదుపున ఉంచుట, మద్యము సేవించి నడపకుండుట, దారి నియమములను పాటించుట అను కర్తవ్యములు ఎప్పటివలెనే ఉన్నవి. మోటారు సైకిలుపై పోవువారికి బెల్టు లేదు. వారికి శిరస్త్రాణమే రక్ష. 2022లో అట్టి శిరస్త్రాణము లేక 50,029 మంది మరణించిరి. కాని అన్ని జాగ్రత్తలు పడినను ఎదుటివాని పొరపాటు వలన ప్రమాదము రావచ్చును. అట్టి తరుణమున కారులోనివారిని కాపాడుటకే బోలిన్ తన బెల్టును కల్పించెను.

కౌడిపల్లి నుండి మెదకునకో, నర్సాపురమునకో పోవువారిలో పలువురు, ఇంత దగ్గరి ప్రయాణమునకు బెల్టు ఎందుకని తలంతురు. ప్రమాదము దూరమును, దగ్గరను ఎంచి రాదు. గడపదాటిన పిమ్మట ప్రతి ప్రయాణమును ఒక్కటియే. కష్టమైన భాగమును బోలిన్ ఎప్పుడో నెరవేర్చెను. వోల్వో సంస్థ దానిని లోకమునకు ఉచితముగా నొసగెను. ఇక మిగిలినది బండి కదలకముందే పట్టీని లాగి బిగించుకొనుట మాత్రమే. ఇంట పెద్దలు మరచినచో పిల్లలు జ్ఞాపకము చేయవలెను. తల్లిదండ్రులకు నెమ్మదిగా గుర్తుచేయు బాలుడును, బాలికయును బోలిన్ ప్రారంభించిన పనిలో పాలుపంచుకొనినవారే యగుదురు.